అంగడి ఒకటి, పేర్లు మూడు: కోలారు గనుల సీమలో దినుసుల కొనుగోలు

రాబర్ట్‌సన్‌పేట ఎం.జి. మార్కెట్టు పరిసరాలలోని ఏ కిరాణా అంగడి ముందైనా ఆదివారం ఉదయం పది నిమిషాలు నిలుచుంటే ఒక విశేషం చెవిన పడుతుంది. ఒకామె తొగరిబేళె అర కిలో అడుగుతుంది. ఆమె వెనుక నిలిచిన ముసలాయన తువరంపరుప్పు అంటాడు. బేతమంగళం వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం కందిబ్యాళ్లు కావాలంటుంది. అంగడివాడు ముగ్గురికీ ఒకే మూటలో చేయి పెట్టి తూచి ఇస్తాడు. ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

అన్ని సరుకుల విషయంలోనూ వ్యవహారం ఇంత సాఫీగా నడవదు. "అన్నా, వరగు ఒక కిలో ఇవ్వు" అని తెలుగింటి కోడలు అడిగితే, అనుభవం ఉన్న అంగడివాడు వెంటనే మూట విప్పడు. "ఏ వరగమ్మా? మీ వరిగెలా, తమిళవాళ్ల వరగా?" అని అడుగుతాడు. అనుభవం లేనివాడు చేతికి అందినది కట్టి ఇస్తాడు. ఇంటికి వెళ్లి వండిన తరువాత గాని అది వరిగె కాదు, అరికె అని తెలియదు. మూడు భాషలు కలిసిన సరిహద్దులో పేరు చెప్పి సరుకు తెచ్చుకోవడానికీ, సరుకును గుర్తుపట్టి తెచ్చుకోవడానికీ ఉన్న తేడా ఇదే. నెల సరుకులకు లెక్కపెట్టి తెచ్చిన డబ్బులో ఒక కిలో తప్పుడు దినుసు కూడా చిన్న నష్టం కాదు.

ఈ అంగళ్లు ఇలా ఏర్పడడానికి కారణం గనులే. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇక్కడ తవ్వకాలు చేపట్టిన తరువాత, అప్పటి ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి వేలాది తమిళ కుటుంబాలు కూలికి వచ్చి స్థిరపడ్డాయి. నేటి చిత్తూరు జిల్లాలోని చాలా భాగం 1911 వరకు ఆ ఉత్తర ఆర్కాటులోనిదే కనుక, ఆ వలసలో తెలుగువారూ ఉన్నారు. చుట్టుపట్ల పల్లెలలో ముందునుంచీ తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే రైతులు ఉండనే ఉన్నారు. వీరికి మలయాళీలు, కాపలా పనికి వచ్చిన పంజాబీలు, వ్యాపారానికి వచ్చిన మార్వాడీలు, ఉర్దూ మాట్లాడే ముస్లిములు, ఆంగ్లో ఇండియనులు తోడయ్యారు. బౌరింగ్‌పేట, అనగా నేటి బంగారుపేట, నుంచి మారికుప్పానికి రైలు శాఖ పడిన తరువాత మూటలు నేరుగా గనుల ముంగిటికి చేరసాగాయి. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో, ప్లేగు భయం నేపథ్యంలో, కొత్త వీధులు గీసి కట్టిన పేటకు మైసూరులోని బ్రిటిష్ రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు పెట్టారు. ఆ పేటే ఈ ప్రాంతపు పెద్ద బజారయింది.

ఒకే వీధిలో ఇన్ని రకాల వంటలవారు ఉన్నప్పుడు అంగడివాడు అందరి దినుసులూ నిలువ ఉంచక తప్పదు. తమిళుల ఇడ్లీకి ఉప్పుడు బియ్యం, కన్నడిగుల సారుకు బ్యాడగి మిరప, తెలుగువారి ఊరగాయకు గుంటూరు మిరప, మలయాళీల కూరకు కొబ్బరినూనె, ఆంగ్లో ఇండియనుల విందాలుకు వినెగరు, అన్నీ నాలుగు బారల గదిలో ఉండాలి. ఇక్కడే పుట్టి పెరిగిన బ్రిడ్జెట్ వైట్ కుమార్ ఆంగ్లో ఇండియను వంటల గురించి పుస్తకాలే వ్రాశారు. పసుపు కలిపిన కొబ్బరి అన్నం, దానితో తినే మాంసపు ఉండల కూర ఆ ఇళ్లకు ప్రసిద్ధి. వాటికి కావలసిన ధనియాలు, జీలకర్ర, పసుపు వచ్చినది కూడా పక్కింటి తమిళ కార్మికుని ఇంటికి వచ్చిన మూటల నుంచే.

గనులను 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం చేపట్టాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. గని జీతం వచ్చే రోజును నమ్ముకొని ఖాతా పుస్తకంలో వ్రాసుకొని నెల సరుకులు ఇచ్చే పద్ధతికి ఆ రోజుతో ఆధారం పోయింది. తరువాత వేలాదిమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు కూలికీ, ఉద్యోగానికీ పోయి రాత్రికి తిరిగి రావడం అలవాటు చేసుకున్నారు. నెలకొకసారి మూటగా తెచ్చుకునే ఇంటివారు వారానికీ రోజుకూ పొట్లాలుగా కొనే స్థితికి వచ్చారు. పొట్లం చిన్నదైన కొద్దీ గ్రాముకు పడే ధర పెరుగుతుంది. ఆ పైన పేరు తప్పి కొంటే నష్టం రెండింతలు.

పేర్లలో ఉన్న వరస

మూడు భాషల దినుసుల పేర్లు మొదట గందరగోళంగా కనిపించినా, వాటిలో ఒక క్రమం ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ మాట మొదట ఉండే పకారం కన్నడంలో చాలా చోట్ల హకారమైంది. ఇది మధ్యయుగంలో కన్నడ భాషలో వచ్చిన మార్పు. మన పాలు వారికి హాలు, మన పువ్వు వారికి హూవు. అందుచేతనే పెసరపప్పు అక్కడ హెసరుబేళె. తమిళంలో పుళి అంటే పులుపు, చింతపండు కూడా. కన్నడంలో అదే హుళి. చింతపండుకు మాత్రం వారు హుణసె అంటారు.

అలాగే మన వకారం కన్నడంలో బకారమవుతుంది. మన వేప వారి బేవు. వెల్లుల్లి బెళ్ళుళ్ళి. చిత్తూరు సీమలో దీనినే తెల్లగడ్డ అనీ, నీరుల్లిని ఎర్రగడ్డ అనీ అంటారు. తమిళంలో వెల్లం అన్నది తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ బకారంతోనే ఉంది కనుక అక్కడ చిక్కు లేదు. ఈ రెండు సూత్రాలు మనసులో ఉంచుకుంటే బోర్డు మీది కన్నడ పేరును సగం వరకు ఊహించవచ్చు. అక్షరాలు ఎలాగూ దగ్గరివే. తెలుగు చదవగలిగినవారు కన్నడ బోర్డును కూడబలుక్కొని చదవగలరు. చీటీ తెలుగులో వ్రాసి ఇచ్చినా కన్నడ అంగడివాడు అక్షరాలు పోల్చుకోగలడు. చదవగలిగినంత మాత్రాన అర్థమైందనుకోవడం వల్లనే పొరపాట్లు జరుగుతాయి.

మిగిలినవి వాడుకలో పట్టుబడవలసినవే. ఆవాలు కన్నడంలో సాసివె, తమిళంలో కడుగు. మెంతులు ఒకచోట మెంత్య, మరొకచోట వెందయం. ఉలవలు హురుళి, కొళ్ళు. ఇంగువ ఇంగు, పెరుంగాయం. పసుపు అరిశిన, మంజళ్. బియ్యం అక్కి, అరిసి. అటుకులు అవలక్కి, అవల్. మినపపప్పును చిత్తూరు పల్లెలలో ఉద్దిపప్పు అంటారు. అది కన్నడ ఉద్దినబేళెకు, తమిళ ఉళుందుకు దగ్గర. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కోడలు మినపపప్పు అని అడిగితే ఇక్కడి చిన్న అంగడిలో కుర్రవాడు తెల్లముఖం వేయడం కద్దు. సరిహద్దు తెలుగు పక్క రాష్ట్రాల భాషలకు ఎంత దగ్గరో, విజయవాడ తెలుగుకు అంత దూరం. పప్పును బ్యాళ్లు అనే రాయలసీమ వాడుక కూడా కన్నడ బేళెతో కలిసి ఉన్నదే.

మోసపుచ్చే పేర్లు

పూర్తిగా తెలియని పేరు వల్ల ప్రమాదం తక్కువ, ఎందుకంటే తెలియనప్పుడు మనిషి అడుగుతాడు. తెలిసినట్టు వినిపించే పేరే చిక్కు తెస్తుంది.

వీటిలో మొదటిది వరగు. చిరుధాన్యాలకు ఇటీవల గిరాకీ పెరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత చిన్న అంగళ్లలో కూడా ఐదారు రకాలు కనిపిస్తున్నాయి. కొర్రలు కన్నడంలో నవణె, తమిళంలో తినై. సామలకు, ఊదలకు కన్నడంలోనూ దాదాపు మన పేర్లే. ఊదలు తమిళంలో కుదిరైవాలి. ఇక్కడి వరకు పరవాలేదు. మన వరిగెలు కన్నడంలో బరగు, తమిళంలో పనివరగు. తమిళంలో ఉత్త వరగు అంటే మన అరికెలు, కన్నడ హారక. కేళ్వరగు అంటే మన రాగులు. అనగా తమిళంలో వరగు అన్న మాట మూడు వేరువేరు ధాన్యాల పేర్లలో ఉంది. మధుమేహానికి అరికెల అన్నం తినమన్నారని బయలుదేరిన పెద్దవారు తమిళ పొట్లం మీద వరగు అని చూసి, ఇది వరిగె అనుకొని వదిలివేసి, కావలసిన దానినే కాదని తిరిగి వస్తారు. పొట్టు తీసిన తరువాత ఈ గింజలు చూపుకు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక, విడిగా కొనేటప్పుడు రెండు భాషలలోని పేరు చెప్పి అడగడం మేలు.

అరికెల విషయంలో పేరుకు మించిన జాగ్రత్త ఒకటి ఉంది. తడిసి బూజు పట్టిన అరికెలు తింటే తల తిరగడం, వాంతులు, మత్తు కలుగుతాయని పల్లె పెద్దలకు చాలాకాలంగా తెలుసు. ఆ బూజు నుంచి పుట్టే విషానికి శాస్త్రజ్ఞులు సైక్లోపియజోనిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోయినప్పుడు, అవి మేసిన అరికె పైరులోని ఈ విషమే కారణమని పరీక్షలు సూచించాయి. ముక్కవాసన వేసే అరికెలు ఎంత చౌకగా దొరికినా తీసుకోరాదు. కడిగి ఎండబెడితే పోతుందన్న ధైర్యం పనికిరాదు.

తరువాతిది కడలె. కన్నడంలో ఉత్త కడలె అంటే శనగలు. కడలెబేళె శనగపప్పు. కడలెకాయి అంటే మాత్రం వేరుశనగ. తమిళులలో చాలామంది కడలై అని ఊరుకుంటే వేరుశనగ అనుకోవచ్చు, శనగ అనీ అనుకోవచ్చు. మాట్లాడే మనిషిని బట్టి అర్థం మారుతుంది. చిత్తూరు వైపు చెనిక్కాయలు, చెనిగింజలు అన్న స్పష్టమైన పేర్లు ఉండడం అదృష్టం. ఇక చట్నీకి వాడే పుట్నాలపప్పు కన్నడంలో హురిగడలె, తమిళంలో పొట్టుక్కడలై. తెలుగు చెవికి ఇది పొట్టుతో ఉన్న శనగలని వినిపిస్తుంది. నిజానికి అది పొట్టు తీసి వేయించిన పప్పు. రాయలసీమలో దీనినే పప్పులు అంటారు. పప్పుల పొడి అంటే ఇక్కడ పుట్నాల పొడే. ఇదే మాట కోస్తావారు వింటే కందిపప్పు గుర్తుకు వస్తుంది. ఒకే తెలుగువారి మధ్యనే ఇంత తేడా ఉన్నప్పుడు ఇతర భాషలను అనవలసిన పని లేదు.

మిరియాలు, మిరపకాయల సంగతి మరీ తమాషా. మిరియం ఈ దేశపుది. మిరపకాయ అమెరికా ఖండానిది, పోర్చుగీసువారి రాక తరువాత పదహారో శతాబ్దిలో వచ్చింది. కారమే పోలిక కనుక మూడు భాషలవారూ కొత్త కాయకు పాత మిరియం పేరే తగిలించారు. తమిళంలో మిళగు మిరియాలు, మిళగాయ్ మిరపకాయ. కన్నడంలో మెణసు మిరియాలు, మెణసినకాయి మిరపకాయ. చివరి అక్షరాలు మింగి మాట్లాడితే ఒకటి అడిగి మరొకటి తెచ్చుకోవడమే. ధరలో ఈ రెంటికీ ఎంతో వ్యత్యాసం ఉంది కనుక ఈ పొరపాటు అంగడిలోనే బయటపడుతుంది.

జీలకర్ర, సోంపు అలా కాదు. ధర దగ్గర, రూపం దగ్గర. తమిళంలో సీరగం జీలకర్ర, పెరుంజీరగం సోంపు. పేరును మాటకు మాట తెలుగులోకి మార్చి పెద్ద జీలకర్ర అనుకొని, గింజ లావుగా ఉన్న మంచి రకం జీలకర్ర అని భ్రమపడి తెచ్చుకుంటే ఆ వారమంతా చారు మిఠాయి అంగడి వాసన వేస్తుంది. సోంపు గింజ లావుగా, పచ్చదనంతో ఉంటుంది, నమిలితే తియ్యగా ఉంటుంది. జీలకర్ర గోధుమరంగులో సన్నగా ఉండి, నమిలితే కొద్దిగా చేదు తగులుతుంది.

కన్నడంలో కొత్తంబరి అంటే ఆకూ కావచ్చు, గింజా కావచ్చు. సొప్పు అని చేరిస్తే కొత్తిమీర, బీజ అని చేరిస్తే ధనియాలు. సబ్బక్కి అంటే సగ్గుబియ్యం, కాని సబ్బక్కి సొప్పు అంటే సోయికూర. పాయసానికి సరుకులు చెప్పి పంపితే సోయికూర కట్ట పట్టుకొని వచ్చిన పిల్లవాడిని తిట్టి లాభం లేదు. సొప్పు అన్న మాటను కన్నడంలో ప్రతి ఆకుకూరకూ చేరుస్తారు. దానికీ సోంపుకూ సంబంధం లేదు.

పొడులు కొనేటప్పుడు ఇంకొక సంగతి ఉంది. తెలుగింట్లో కారం అంటే ఉత్త మిరపపొడి. తమిళుల కుళంబు మిళగాయ్ తూళ్ మిరపతో ధనియాలు మొదలైనవి కలిపి విసిరిన పొడి. దానిని కారమనుకొని ఊరగాయలో వేస్తే ధనియాల వాసనతో ఊరగాయ పాడవుతుంది. కన్నడిగుల సారిన పుడి మన చారుపొడికి దగ్గరిది. ఖార అని మాత్రం బేకరీలో అడిగితే కారప్పూస వంటి చిరుతిండి పొట్లం చేతికి వస్తుంది.

నూనె విషయంలో మూడు భాషలూ ఏకమయ్యాయి. తమిళుల నల్లెణ్ణై, కన్నడిగుల ఒళ్ళెణ్ణె, మన పాత తెలుగు మంచినూనె, మూడింటి అర్థమూ ఒకటే, మూడూ నువ్వులనూనే. ఇప్పుడు మంచినూనె అంటే చాలా ఇళ్లలో వేరుశనగనూనె అనుకుంటున్నారు. అది అంత ప్రమాదం కాదు. దేవుని దీపానికని అమ్మే నూనె సీసా రంగులోనూ బొమ్మలోనూ తినే నువ్వులనూనె సీసాను పోలి, అదే అలమరలో, తక్కువ ధరకు ఉంటుంది. అది వంటకు పనికిరాదని సీసా మీద చిన్న అక్షరాలలో ఉంటుంది. చదువురాని ముసలివారిని నూనెకు పంపే ఇళ్లలో ఈ ఒక్క విషయం ముందుగా చెప్పి పంపడం అవసరం.

బెంగళూరులో పని ముగించుకొని వచ్చేవారు అక్కడి పెద్ద దుకాణాలలో పొట్లాలు కొనుక్కు వస్తున్నారు. అక్కడ నాలుగో భాష ఎదురవుతుంది. తూర్ అంటే కంది, ఉరద్ అంటే మినప, మూంగ్ పెసర, చనా శనగ, సౌంఫ్ సోంపు, ధనియా మనకు తెలిసినదే. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న బంధువులు భారతీయ దుకాణాలలో చూసేవి కూడా ఎక్కువగా ఈ హిందీ పేర్లే. వారు ఫోనులో ఏ పప్పు కొనాలని తల్లిని అడిగితే ఆమె కందిబ్యాళ్లు అంటుంది, పొట్లం మీద ఆ మాట ఉండదు.

కంటికీ చేతికీ ఉన్న పని

పేరు సరిపోయినంత మాత్రాన సరుకు మంచిదని కాదు. విడి దినుసులలో కల్తీని పట్టుకోవడానికి ఇంట్లోనే చేయదగిన పరీక్షలను కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రచురించింది. వాటిలో సరిహద్దు ఇళ్లకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. ఒక గ్లాసు నీటిలో చెంచా పసుపు వేసి కదలకుండా ఉంచితే, మంచి పసుపు అడుగుకు దిగి పైనీరు లేత పసుపురంగులో ఉంటుంది. నీరంతా చిక్కని పసుపురంగుగా నిలిస్తే రంగు కలిపినట్టు అనుమానించవచ్చు. కారం నీటిపై చల్లినప్పుడు రంగు చారలుగా దిగితే అదీ అనుమానమే. అడుగున గరగరలాడే మట్టి వంటిది తేలితే ఇటుకపొడి కావచ్చు. జీలకర్రను అరచేతిలో నలిపితే చేయి నల్లబడరాదు. మిరియాలలో బొప్పాయి గింజలు కలిపితే అవి నీటిలో తేలుతాయి, గట్టి మిరియం మునుగుతుంది.

ఆవాల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పొలం గట్లమీద పసుపుపచ్చ పూలతో ముళ్లతో పెరిగే బలురక్కసి మొక్క గింజలు ఆవాలను పోలి ఉంటాయి. వాటి నూనె కలిసిన ఆహారం వల్ల ఒళ్లు నీరు పట్టే జబ్బు వచ్చి గుండెకు ముప్పు కలుగుతుంది. ఆవగింజ నున్నగా ఉండి, నలిపితే లోపల పసుపురంగుగా ఉంటుంది. బలురక్కసి గింజ గరుకుగా, మరింత నల్లగా ఉండి, లోపల తెల్లగా ఉంటుంది. కందిపప్పులో ఖేసరి పప్పు కలపడం మరొక పాత మోసం. కంది బద్ద ఒకవైపు గుండ్రంగా ఉంటుంది. ఖేసరి బద్ద ఏటవాలు అంచులతో గొడ్డలి ముక్కలా కనిపిస్తుంది. గుప్పెడు పప్పు తెల్లగుడ్డ మీద పరచి చూస్తే తెలిసిపోతుంది.

కాఫీపొడి తమిళ, కన్నడ, తెలుగు ఇళ్లన్నింటికీ సమానమైన ఖర్చు. చికోరీ కలపడం నేరం కాదు, కాని మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపిందీ పొట్లం మీద వ్రాయాలి. చల్లని నీటిపై చిటికెడు పొడి చల్లితే కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమరంగు చారలు విడుస్తూ మునుగుతుంది. అచ్చమైన కాఫీ ధర ఇచ్చి చికోరీ తాగుతున్నదీ లేనిదీ అర నిమిషంలో తేలుతుంది.

రాగుల వద్ద మాత్రం ఇక్కడివారికి ఎవరూ చెప్పవలసినది లేదు. మట్టిబెడ్డలు, రాళ్లు లేకుండా చేటలో చెరిగి, మిషనులో ఆడించుకునేవారు పిండి పొట్లం కొనేవారికన్నా తక్కువ ఖర్చుతో మంచి సంగటి తింటారు. రాగులు పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి పురుగు పట్టవు, పిండి మాత్రం కొద్ది వారాలలోనే కమురువాసన పడుతుంది. కోలారు ముద్దకు ఉత్త పిండి చాలు. చిత్తూరు సంగటిలో నూకలు కూడా పడతాయి కనుక, పిండితోపాటు నూకలూ అడగడం ఇక్కడి తెలుగువారి గుర్తు.

తూకం, పొట్లం, ఖాతా

పల్లె అంగళ్లలో, సంతలలో ఇంకా సేరుతోనూ పడితోనూ కొలిచి ఇచ్చేవారున్నారు. చట్టం 1956లోనే మెట్రిక్ తూకాలకు మారింది. సేరుకు, పడికి ఊరికొక కొలత. కొలతలో గింజ నిండుతుంది గాని బరువు తెలియదు. సేరు బొరుగులకూ సేరు రాగులకూ పోలిక లేదు. ధర పోల్చాలంటే కిలోలలోనే అడగాలి. కాటా మీద తూనికల శాఖ ముద్ర ఉండాలి, తూచేముందు అంకె సున్నా చూపాలి. సంచి బరువు, డబ్బా బరువు సరుకులో చేరరాదు.

అచ్చు పొట్లం మీద నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారుచేసిన లేక కట్టిన నెల, సంవత్సరం, కట్టినవారి చిరునామా, ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య ఉండాలి. అంగడివాడు తానే పాలిథిన్ సంచిలో కట్టి వేలాడదీసిన పొట్లాలపై ఇవేవీ ఉండవు. అటువంటిది కొనడం కన్నా ఎదుట మూట నుంచి తూపించుకోవడం మంచిది. మూటలో చేయి పెట్టి వాసన చూడవచ్చు, పొట్లంలో అది కుదరదు. గరిష్ఠ ధరకు మించి అడిగినా, తూకం తగ్గినా 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. ఇది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు, మూడు రాష్ట్రాలలో ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది.

ఖాతా సరుకు ఇంకా కొన్నిచోట్ల నడుస్తున్నది. అక్కరకు ఆదుకునే అంగడివాని మంచితనాన్ని కాదనలేము. కాని ఖాతా ఉన్న ఇంటివారు ధర అడగడానికి, మూటలో చేయి పెట్టడానికి మొగమాటపడతారు. పుస్తకంలో సరుకు పేరు, బరువు, ధర మూడూ విడివిడిగా వ్రాయించుకొని, ఇంట్లో చదువుకున్న పిల్లలతో వారానికొకసారి కూడించి చూసుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

పెళ్లి సరుకుల చీటీ విషయంలో ఇవన్నీ ఒక్కచోటికి వస్తాయి. వి.కోట పిల్లను కామసముద్రం పిల్లవాడికి ఇస్తే, వంటవాడు ఒక భాష, చీటీ వ్రాసేవారు ఒక భాష, అంగడివాడు మరొక భాష కావచ్చు. చీటీలో సరుకు పేరు పక్కన దేనికి వాడతారో కూడా వ్రాస్తే చాలా చిక్కులు తీరుతాయి. శనగపప్పు పదిహేను కిలోలు, బొబ్బట్లకు. పుట్నాలు మూడు కిలోలు, చట్నీకి. ధనియాలు రెండు కిలోలు, గింజలు. చీటీ రెండు ప్రతులు వ్రాసి, సరుకు దింపుకునేటప్పుడు వంటవానినే పక్కన నిలబెట్టి మూటలు విప్పించాలి. పెళ్లి తెల్లవారుజామున విప్పితే మార్చుకు రావడానికి అంగడి తెరిచి ఉండదు.

ఏడాది సరుకు కొనేవారికి కాలం కూడా లెక్కే. కొత్త చింతపండు శివరాత్రి తరువాత మార్కెట్టుకు వస్తుంది. ఎర్రగా, మెత్తగా ఉండే ఆ పండును గింజ తీసి, ఎండబెట్టి, కల్లుప్పు చల్లి కుండకెత్తితే ఏడాది నిలుస్తుంది. నిలువ చేసిన కొద్దీ నల్లబడుతుంది, పులుపు పోదు. పాత పండును కొత్తదని అమ్మేవాడిని రంగే పట్టిస్తుంది. గింజ తీయని పండు చౌక అనిపిస్తుంది గాని, గింజ, పీచు బరువు లెక్కవేస్తే కొన్నిసార్లు తీసినదే గిట్టుబాటు. మిరపకాయలు కూడా వేసవి ఎండల ముందే కొనాలి. రంగుకు బ్యాడగి, కారానికి గుంటూరు కొని, రెండూ కలిపి ఆడించుకునే పద్ధతి ఈ సరిహద్దు ఇళ్లలో ఉంది.

అనపకాయల కాలం మాత్రం చలికాలమే. మంచు కురిసే నెలలలో కోలారు, చిత్తూరు చేలనుంచి వచ్చే కాయ పట్టుకుంటే చేతికి జిగటగా అంటి, ఘాటైన కమ్మని వాసన వేస్తుంది. కన్నడిగులు ఆ కమ్మదనాన్ని సొగడు అంటారు. వారికి అవరెకాయి, మనకు అనపకాయ. నానబెట్టి పైతోలు ఒలిచిన గింజలు వారికి హితికిద బేళె, మనకు పితుకుపప్పు. ఇక్కడ కూడా పకారం హకారమైనదే. ఒలిచిన పప్పు సంతలో సిద్ధంగా దొరుకుతుంది, కాని అది ఎప్పుడు ఒలిచినదో తెలియదు, వాసన సగం పోయి ఉంటుంది. కాయలే కొని, రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చొని ఒలుచుకొని, నానబెట్టి, తెల్లవారి పితికితే ఆ రోజు పులుసు ఎవరింట్లో ఉడుకుతున్నదో వీధి మొదటికే తెలుస్తుంది.